నిలవని మాట

"ఇంకెన్నాళ్ళండి?" యోబు మందుల చీటీని బల్ల మీద విసిరినట్టే పెట్టాడు. "ఏడాది నుంచి తిప్పుతున్నాను. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండటం లేదు."

పక్క కుర్చీలో పేతురు నవ్వుతూ కూర్చున్నాడు. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి అదే నవ్వు. అది చూస్తే యోబుకు ఒళ్ళు మండుతుంది. పేతురు ఇంట్లోవాళ్ళు విసిగి వదిలేస్తే, నెలనెలా భీమడోలులో రైలెక్కించి ఏలూరు తీసుకొచ్చేది యోబే.

డాక్టర్ పెర్సిస్ ఓపిగ్గా చెప్పింది. "విన్న మాట మెదడులో నరాల కణం గుమ్మం దాకా వస్తోందండి. అక్కణ్ణుంచి లోపలి కేంద్రకానికి కబురు వెళ్ళాలి. కబురందితే కణం కొత్త ప్రొటీన్లు తయారుచేసి, పక్క కణంతో అతుకు గట్టి చేసుకుంటుంది. అప్పుడే మాట ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఈయనకి కబురు మధ్యలోనే ఆగిపోతోంది."

"కాలవ లాకులెత్తినా శివారు చేలకి నీరందనట్టు."

"అంతేనండి. మీరెలా చెప్తున్నారు ఈయనకి?"

"కూర్చోబెట్టి ఒకే ఊపున యాభైసార్లండి. సండేస్కూల్లో మాకు బైబిలు వాక్యం అలాగే పట్టించారు."

"అదేనండి తప్పు. ఒక్కసారిగా కుమ్మరిస్తే లోపలికి వెళ్ళదు. చెప్పండి, ఆగండి, మళ్ళీ చెప్పండి. రేపూ చెప్పండి. ఇంతకీ ఏం నేర్పుతున్నారు?"

"ఒక్కటేనండి. మా ఇంటి సంగతి."

"మీలాంటి మనిషి దొరకడం ఈయన అదృష్టం."

యోబు పళ్ళు కొరికాడు.

ఆ రోజు నుంచి ఆగి ఆగి చెప్పాడు. పేతురు అన్నం ముందు కూర్చున్నప్పుడు చెప్పాడు. చర్చి మెట్ల మీద ఆపి చెప్పాడు. తెల్లారేసరికి మళ్ళీ ఆ నవ్వే.

"నవ్వకు!" ఒకరోజు చొక్కా పట్టుకుని కుదిపేశాడు. "నీకేం, హాయిగా మరిచిపోతావు. మోసేది నేను."

మూడు నెలలు పోయాక ఒక ఉదయం పేతురు నవ్వలేదు. మర్నాడూ నవ్వలేదు. యోబు నోరు తెరవకముందే తల దించుకున్నాడు.

మొదటి రైలుకే ఏలూరు తీసుకెళ్ళాడు యోబు.

పెర్సిస్ ముఖం వెలిగిపోయింది. "నిలిచిందా! ఏం గుర్తుందండి పేతురుగారూ?"

పేతురు బిక్కచచ్చి యోబు వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం? ఆవిడకి చెప్పు."

"తాగి వ్యాను నడిపి ఈయన భార్య సలోమిగారిని చంపింది నేనేనండి."