తిప్పమ్మ కాఫీలు

"ఈ పొద్దు ఎన్ని తాగినావు?"

"ఆరు," అంది తిప్పమ్మ తల దించుకుని.

నర్సు ఎస్తేరమ్మ తోలు సంచిని అరుగు మీద దబ్బున పెట్టింది. గార్లదిన్నె ఆస్పత్రి నుంచి ఎండలో నడిచి వచ్చిన మనిషి. తెల్లచీర అంచంతా ఎర్రదుమ్ము. వారం రోజులుగా అదే ప్రశ్న, అదే జవాబు.

"నేను చెప్తాండేది తెలుగే కదా? పొద్దున ఒగటి తాగు. మనసు ఆగకపోతే సాయంత్రం ఇంగొగటి, అదీ చిన్న గ్లాసు. అన్నం తిన్న వెంటనే వద్దే వద్దు. అంతకు మించితే గుండె దడ పుడతాది, నిద్ర రాదు, ఆకలి సస్తాది. తిన్న నాలుగు మెతుకులూ ఒంటికి పట్టవు. లోపల బిడ్డ ఎట్ల పెరగల్ల?"

"రేపట్నుంచి తగ్గిస్తాలే అక్కా."

"నిన్న కూడా ఇదే అంటివి!"

తిప్పమ్మకు ఏడో నెల. భర్త మద్దిలేటి బావులు తవ్వే పని దొరికిందని బళ్లారి వైపు పోయాడు. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. పని వెతుక్కుంటూ వీధి వీధంతా ఖాళీ అయింది. తలుపు తెరిచి ఉన్న ఇల్లు తిప్పమ్మదొక్కటే.

"కూర్చో అక్కా. నీళ్లు తాగు. ఎండన బడి వచ్చినావు." తిప్పమ్మ చాప దులిపి పరిచింది. "మీ పాపకు జరం తగ్గెనా?"

ఎస్తేరమ్మ కూర్చోలేదు. పొద్దున్నే డాక్టరు కసిరాడు. బాగున్నవాళ్లను నెలకొకసారి చూస్తే చాలన్నాడు. ప్రమాదం ఉన్నవాళ్ల దగ్గరికే రోజూ పొమ్మన్నాడు. ఆ కాఫీ మనిషి మానిందంటే ఇక అటు పోనక్కర్లేదన్నాడు. సంగతేదో ఇవాళే తేల్చేయాలనుకుని వచ్చిందామె.

"పొడి యాడ పెట్టినావు? ఈ పొద్దు తీసుకునే పోతా."

"వద్దక్కా..."

వినిపించుకోకుండా లోపలికి పోయింది. ఒక కుండలో రేషన్లో ఇచ్చిన ఎర్రజొన్నలు. ఇంకో దాంట్లో అడుగున రాగిపిండి. డబ్బాలన్నీ మూత తీసి వాసన చూసింది. ఎండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు. కాఫీ వాసన ఎక్కడా లేదు.

"యాడ దాచినావు?"

"ఇంట్లో కాఫీ కాచనక్కా," అంది తిప్పమ్మ గోడకు ఆనుకుని. "రోడ్డు మింద తిమ్మన్న హోటల్లో పోయించుకోనొస్తా."

ఎస్తేరమ్మ గొడుగు తీసుకుని విసురుగా బయటికి నడిచింది.

తిమ్మన్న హోటలంటే నాలుగు గుంజలు, ఒక తాటాకు కప్పు. తిమ్మన్న బెంచీ మీద కునికిపాట్లు పడుతున్నాడు.

"ఏమప్పా, నీకు బుద్ధుండాదా? కడుపుతో ఉండే మనిషికి దినానికి ఆరు కాఫీలు పోస్తావా?"

తిమ్మన్న ఉలిక్కిపడి లేచాడు. "ఎవురికమ్మా?"

"మద్దిలేటి పెండ్లానికి."

"తిప్పమ్మకా? ఆ యమ్మ నా హోటల్ తట్టే రాదే! పోయిన పండక్కి మద్దిలేటి ముచ్చటపడి చెంబులో తీసుకపోయినాడు. వాసనకే వాంతి చేసుకునెనంట. వాపసు తెచ్చి, ఈడే కూర్చోని ఆయప్పే తాగిపాయె."

ఎస్తేరమ్మ వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

గొడుగు కనబడగానే తిప్పమ్మ గడప దాటి ఎదురొచ్చింది. మొహం విప్పారింది.

"ఈ పొద్దు రెండు తూర్లు వచ్చినావే అక్కా!"

ఎస్తేరమ్మ మొహం చూశాక ఆ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఎందుకే ఇంత అబద్ధం? వారం దినాలుగా ఎండలో ఎందుకు తిప్పితివి నన్ను?"

తిప్పమ్మ కాలి బొటనవేలితో మట్టి రాస్తూ నిలబడింది.

"మొదటి తూరి వచ్చినప్పుడు కాఫీ, టీ ఏమన్నా తాగుతావా అని అడిగితివి. లేదంటి. 'బాగుండావు, ఇంగ వచ్చే నెల వస్తా' అని పోతివి. నెల దినాలక్కా! మాట్లాడేదానికి మనిషి లేదు. ఒగ దినం కాకిని అదిలిద్దామని నోరు తెరిస్తే గొంతే పెగల్లేదు. బయమాయె. నొప్పులొచ్చినప్పుడు అరుస్తామన్నా గొంతు వస్తాదో రాదో అని. అందుకే నువ్వు మళ్లా వచ్చినప్పుడు ఆరు తాగుతాండానంటి. నువ్వు బాగా తిడితివి." ఆమె తలెత్తి చూసింది. "తిట్టి, రేపు మళ్లా వస్తానంటివి."

ఎస్తేరమ్మ ఆమెను చాప మీద పడుకోబెట్టి కడుపు మీద చెయ్యి వేసి చూసింది. బిడ్డ బాగుంది. కాళ్లకు వాపు లేదు. కనురెప్ప కిందికి లాగి చూసింది. రక్తం ఫరవాలేదు. ప్రమాదమని చెప్పడానికి ఒక్కటంటే ఒక్క గుర్తూ లేదు.

సంచి సర్దుకుని లేచింది.

"ఇంగ రావు కదక్కా," అంది తిప్పమ్మ.

ఎస్తేరమ్మ గొడుగు విప్పి వీధిలోకి దిగింది. మూసిన తలుపుల మధ్య ఆ నల్లగొడుగు చిన్నదైపోయి, మలుపు తిరిగి, కనబడకుండా పోయేదాకా తిప్పమ్మ గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు ఇంటికి బయలుదేరబోతూ ఆగాడు. "ఏమమ్మా, ఆ కాఫీ మనిషి మానిందా, లేదా?"

ఎస్తేరమ్మ గొడుగు మూసి మూలకు ఆనించింది.

"యాడ మానింది సార్! ఈ పొద్దు ఏడు తాగినాదంట."