ఇనప గడియ

మాస్టారు పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే ఎవరికో మూడిందన్నమాటే. ఆ ఆదివారం ఉదయం లైబ్రరీ మేడగదిలో మూడింది ఎదురుగా కూర్చున్న రచయిత్రికి.

"రెండొందలేళ్ళ కిందటి కథ అన్నారు కదమ్మా. అటకగది తలుపుకి ఇనప గడియ పెట్టారేమిటి? ఆ ఊళ్ళో, ఆ ఇళ్ళకి అప్పుడు ఇనప గడియలెక్కడివి?"

ఆయన ముప్ఫయ్యేళ్ళు బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆ పాఠకుల బృందంలోకి ఏ చారిత్రక నవల వచ్చినా, ఆయన చేతిలో పడి చిక్కి శల్యమై బయటికి రావాల్సిందే.

నవలలో కథ చిన్నదే. నదికి వరదొస్తుంది. ఊరు ఊరంతా పడవలెక్కుతుంది. ఆ హడావుడిలో రేవు గుమాస్తా కుటుంబం చిన్నకూతుర్ని మరిచిపోతుంది. ఆరేళ్ళ పాప. ఇంకో పడవలో ఉందిలే అనుకుంటారు. పాపేమో అటకగదిలో నిద్రపోతుంటుంది. ఈదురుగాలికి తలుపు మూసుకుని, బయట గడియ పడిపోతుంది. నీళ్ళు పైకొచ్చినా పాప లేవదు. నిద్రలోనే, నొప్పి తెలియకుండా వెళ్ళిపోతుంది.

రచయిత్రి వచ్చింది ఆ చివరి పేజీ కోసమే. మిగతా పుస్తకాన్ని ఎవరు ఉతికి ఆరేసినా ఆమెకి పట్టదు. పాప నిద్రలోనే పోయిందని ఈ పదిమందీ నమ్మితే చాలు. ఇరవయ్యేళ్ళ కిందటే రాసింది. వరద మాటెత్తితేనే వాళ్ళమ్మ వణికిపోయేది కాబట్టి, ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ కాగితాలు పెట్టె అడుగునే ఉన్నాయి. కిందటేడు అమ్మ పోయింది. నెల తిరక్కుండా ప్రెస్సుకిచ్చేసింది.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారేం మాస్టారూ," అంది టైలరమ్మ. లైబ్రరీ కిందే ఆవిడ కుట్టు దుకాణం. ఆ పేజీ చదివి మిషను మీద తల పెట్టి ఏడ్చిందట, కుడుతున్న గుడ్డ కూడా తడిసిందట. గడియ ఇనపదైతేనేం, కర్రదైతేనేం, ఏడుపొచ్చిందా లేదా, అదీ ఆవిడ లెక్క.

మాస్టారు తగ్గలేదు.

"అప్పట్లో తలుపులకి ఉండేది అడ్డకర్రమ్మా. చేత్తో ఎత్తి కొండీల్లో పెట్టాలి. అది గాలికి పడదు, ఎవరో ఒకరు వేస్తేనే పడుతుంది. అలాగైతే మీ కథే మారిపోతుంది."

రచయిత్రి మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. ప్రచురణకర్త కూడా ఇదే మాట అన్నాడు. ఆ ఒక్కటీ మార్చనని మొండికేసింది. ఆ గడియ ఆమె కళ్ళకి కట్టినట్టుండేది. మూరెడు ఇనప కడ్డీ, కొసన తుప్పు, పైకెత్తి వదిలితే తనంతట తనే వాలి టక్కున పడే రకం.

"నాకలా అనిపించిందండీ," అంది.

అనిపించినవన్నీ చరిత్రైపోవు కదా అని ఆయన మర్యాదగానే అన్నారు. దాంతో గది రెండు ముక్కలైంది. సగం మంది మాస్టారి పక్షం, సగం మంది టైలరమ్మ పక్షం. తలా ఒక మాట. ఈలోగా గాలికి గది తలుపు కొట్టుకుంటే రచయిత్రి గబగబా వెళ్ళి స్టూలు అడ్డం పెట్టి వచ్చింది. ఆమె ఇంట్లో స్నానాలగదికి కూడా గడియ లేదని లైబ్రేరియన్ అందరికీ చెప్పి నవ్వించింది. ఇద్దరికీ ఏళ్ళ స్నేహం, ఆ మాత్రం చనువుంది.

ఆ బృందానికో పద్ధతుంది. మొహమాటపు పొగడ్తలు ఉండకూడదని, చివర్లో అందరూ పేరు రాయకుండా చీటీల మీద అభిప్రాయం రాసి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. లైబ్రేరియన్ పైకి చదువుతుంది.

మొదటి చీటీ: అబద్ధాల పుట్ట, కానీ చదివిస్తుంది. అది ఎవరిదో తెలిసి అందరూ నవ్వారు. రెండోది: పాప హాయిగా పోయింది, అదొక్కటే ఊరట. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలామంది ఆ మాటే రాశారు. రచయిత్రికి ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువేదో దించినట్టు కుర్చీలో వెనక్కి వాలింది.

పది చీటీలూ అయ్యాయి. లైబ్రేరియన్ మూత పెట్టబోయి ఆగింది. అడుగున ఇంకోటుంది. పదిమందికి పదకొండు చీటీలేమిటి, ఎవరు రెండేశారని అడిగింది. ఎవరూ ఒప్పుకోలేదు. పెన్సిల్‌తో, గుండ్రటి పెద్ద అక్షరాలు. చీటీ తడిగా ఉంది. డబ్బా మాత్రం పొడిగానే ఉంది.

"మాస్టారిది తప్పు, గడియ ఇనపదే," అని చదివింది. టైలరమ్మ చప్పట్లు కొట్టింది. లైబ్రేరియన్ మిగతాది చదివింది.

"కానీ అది గాలికి పడలేదు. పాప నిద్రపోలేదు. వందదాకా లెక్కపెట్టి బయటికి రావాలి, అదీ ఆట. వంద అయిపోయింది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. నీళ్ళు మెడదాకా వచ్చేసరికి అరవయ్యేడు దగ్గరుంది."

"నవల్లో ఆట ఎక్కడుంది?" అంటూ మాస్టారు పేజీలు తిరగేశారు.

లేదు. ఆ ముక్క రచయిత్రి ఏ కాగితం మీదా పెట్టలేదు, ఏ మనిషితోనూ అనలేదు. చీటీ లాక్కుందామని కుర్చీలోంచి లేచింది.

లైబ్రేరియన్ చీటీ వెనక్కి తిప్పింది. అక్కడ ఒక్క వాక్యమే ఉంది. ఎవరికి రాసిందో అర్థంకాక, కనుబొమలు ముడిచి, కూడబలుక్కుంటూ చదివింది.

"అమ్మ నా దగ్గరికొచ్చి ఏడాదైంది, తలుపు నువ్వేశావని ఇంకా చెప్పలేదక్కా."