తిట్ల కరువు

“కావాలనే పగలగొట్టాను,” అంది పిల్ల, నడుం మీద చేతులు పెట్టుకుని.

నేల మీద నాన్న ముద్దుల రేడియో నాలుగు ముక్కలై పడి ఉంది. నాన్న ముక్కల వైపు కాక పిల్ల చేతుల వైపు చూశాడు. “పోనీలే బంగారం. వేలికేం గుచ్చుకోలేదు కదా?”

పిల్లకు ఒళ్ళు మండింది. డాక్టరు “ఇంకో మూడు నెలలు” అన్ననాటి నుంచీ ఆ ఇంట్లో తిట్లకు కరువొచ్చింది. పాలు ఒలకబోసినా “పోనీలే”, అద్దం పగలగొట్టినా “పోనీలే”. ఒకప్పుడు అమ్మ నోరు విప్పితే వీధి చివర కుక్క కూడా తోక ముడిచేది. ఇప్పుడా నోట్లోంచి “తల్లీ, బుజ్జీ” తప్ప ఊడిపడదు. పదహారేళ్ళకే తనను పటం కట్టి గోడకు తగిలించేసినట్టుంది పిల్లకు.

విసురుగా బాల్కనీలోకి వెళ్ళింది. పిట్టగోడ మీద సిరా సీసా ఉంది. సరిగ్గా కింద, లాండ్రీ తాత తీగ మీద తెల్లటి దుప్పటి ఆరుతోంది. అమ్మ తర్వాత ఆ వీధిలో అంత పేరున్న నోరు తాతదే. పిల్ల మూత తీసి, సీసా బోర్లించింది.

మెట్లు దడదడలాడాయి. తాత వచ్చి, నీలం కారుతున్న దుప్పటిని పిల్ల మొహం ముందు ఆడించాడు.

“కళ్ళు నెత్తికెక్కాయా, కోతీ? తాడిచెట్టంత ఎదిగావు, ఆవగింజంత బుద్ధి లేదు! పైగా నవ్వొకటా?”

“ఇంకా తిట్టు తాతా!”

“ఇంకానా? వచ్చే ఏడాది దాకా నిద్రలో ఉలిక్కిపడేలా తిడతా! రేపు మళ్ళీ బాల్కనీలో కనిపించు, చెవి మెలేస్తా!”

వచ్చే ఏడాదట! ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది, గోడకు జారబడి నవ్వింది. తాత ఎందుకో ముక్కు ఎగబీల్చి, దుప్పటి అక్కడే పడేసి గబగబా దిగిపోయాడు.

“అమ్మా, ఎన్ని తిట్లు తిట్టాడో!” అంటూ దుప్పటి ఎత్తిన పిల్ల ఠక్కున ఆగింది. ఏ బట్టలు ఎవరివో తెలియడానికి తాత ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు కుడతాడు. ఆ దుప్పటి మూలన ఎర్రదారంతో మూడు గీతలున్నాయి. అది వీళ్ళింటి గుర్తు.

“నీ నోరు పెగలక, తిట్టడానికి మనిషిని పెట్టావా?”

వంటింటి గుమ్మంలో అమ్మ నేలచూపులు చూసింది. ఉన్నట్టుండి తల ఎత్తింది.

“నాలుగు చుక్కలు పోస్తావని సీసా అక్కడ పెడితే, మొత్తం ఒంపేస్తావా, గాడిదా!”