బల్ల ఆదివారం

"మా అత్తయ్య కనిపించడం లేదు!"

ఫెబి అరుపుకి, కిల్కెన్నీ కోట గురించి చెబుతున్న ఐరిష్ గైడు బ్రెండన్ ఆగిపోయాడు. వాకింగ్ టూర్‌కి వచ్చినవాళ్లంతా వెనక్కి చూశారు.

"ఇక్కడే ఎక్కడో ఉంటారు. అంతా గ్రాండే, కంగారు పడకండి," అన్నాడు బ్రెండన్.

కంగారు పడకుండా ఎలా? పొద్దున బస్సెక్కింది మొదలు అత్తగారు ఎస్తేరమ్మది ఒకటే సణుగుడు. "మొదటి ఆదివారం. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. పెళ్లయిన కాణ్ణుంచి ఒక్కసారి తప్పలా. ఊళ్లు చూడ్డానికి ఇయ్యాలే దొరికిందా?"

"హాస్పిటల్లో నాకు ఆదివారం సెలవు దొరకడమే గగనం. అంత కష్టమైతే ఇంట్లోనే ఉండాల్సింది!" అని కసిరింది ఫెబి. పెద్దావిడ మొహం కిటికీవైపు తిప్పేసుకుంది.

సందులన్నీ గాలించారు. కోట గుమ్మం దగ్గర లేదు. వంతెన మీద లేదు. భర్తకి ఫోన్ చేయడానికి ఫెబికి చేతులు రాలేదు. వాళ్లమ్మని ఏం చేశానని చెప్పాలి?

నది ఒడ్డున రాతిమెట్ల మీద ఎస్తేరమ్మ చెప్పులు కనిపించాయి. కింద నోర్ నది వాననీటితో ఉరుకుతోంది. ఫెబి నెత్తి బాదుకుంది.

"నా నోరు పడిపోను! ఆ మాట ఎందుకన్నాను!"

అక్కడి పోలీసులైన గార్డలకి ఫోన్ చేయబోయిన బ్రెండన్ ఆగాడు. చెప్పులు నీటివైపు కాదు, వెనక గోడవైపు తిరిగి ఉన్నాయి. గోడలో ఓ తలుపు, దాని మీద రాతి శిలువ.

ఫెబికి ప్రాణం లేచొచ్చింది. "చర్చి! చెప్పులిప్పి లోపలికెళ్లింది. మా ఊళ్లో అంతే!"

"చర్చే... ఒకప్పుడు. ఎప్పుడో పబ్బుగా మార్చేశారు," అని బ్రెండన్ నసిగాడు. ఫెబి అప్పటికే తలుపు తోసేసింది.

రంగుటద్దాల కిటికీ కింద, కౌంటర్ ముందు, కొంగు తల మీదికి లాక్కుని ఎస్తేరమ్మ కళ్లు మూసుకుని నిలబడి ఉంది. తాగడానికొచ్చిన వాళ్లు టోపీలు తీసి, బీరు గ్లాసులు ముట్టకుండా బుద్ధిగా కూర్చున్నారు. కౌంటర్ వెనక నల్లచొక్కా పెద్దమనిషి చేతులు కట్టుకుని ఉన్నాడు.

"అత్తయ్యా!"

ఎస్తేరమ్మ కళ్లు తెరిచింది. కోపం లేదు సరికదా, మొహం వెలిగిపోతోంది.

"వచ్చావా తల్లీ! ఈ అయ్యగారు ఎంత మంచోడో. అరలో ఉన్న సీసా చూపించి దణ్ణం పెడితే, ఒక్క మాట అడక్కుండా పోశాడు. మన పాస్టరుగారు మూతెడేగా ఇచ్చేది!" అంటూ కాస్త తూలి, కోడలి భుజం పట్టుకుని చెవిలో చెప్పింది.

"రొట్టె కోసమే చూస్తన్నా. అదొచ్చేదాకా రసం పోస్తానే ఉన్నాడు."