కొత్త ఆంప్లిఫయర్

"మళ్ళీ తిప్పు," అని మొగుణ్ణి కసిరింది మార్లిస్.

ఆర్లెన్ తాళం తిప్పాడు. పడవ ఇంజను టిక్కుమని ఊరుకుంది. మిన్నెసోటాలో జులై మబ్బు చెప్పి రాదు. అప్పుడే సగం సరస్సును కమ్మేసింది.

"లంగరెయ్యగానే స్టీరియోని రెండో బ్యాటరీకి మార్చాలని ముప్పయ్యేళ్ళుగా నాకు పాఠాలు చెప్తావు. ఇవాళేమైంది?"

"మర్చిపోయాను. చంపకు."

"ఇంజను బ్యాటరీని నీ కొత్త ఆంప్లిఫయరే పీల్చేసింది. పాతదానికేం రోగం?"

"దాన్లో పాట సరిగ్గా వినపడి చావట్లేదు."

"పోనీ, బ్యాటరీ దిగిపోతోందని అలారం మోగినప్పుడైనా ఆపొద్దూ? నీళ్ళలో ఈదుతున్న నాకే వినపడింది!"

"అదెక్కడ మోగింది? పోయినేడే పాడైపోయింది."

మార్లిస్ అతని మొహంలోకి చూసింది. స్టీరియో ఆపి పది నిమిషాలైంది. అలారం మాత్రం సన్నగా కీచుమంటూనే ఉంది.

"ఏంటలా చూస్తావు? మబ్బొచ్చేస్తోంది, ఎవరినైనా పిలు!"

ఆమె పిలవలేదు. అతని చెయ్యి పట్టుకుని, వేళ్ళను ఆ అలారం మీద ఆనించింది. అది వాటి కింద వణుకుతోంది.

ఆర్లెన్ చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"మోగుతోందా?" అన్నాడు.

ఆమె తలూపింది.