ఎవడు పూశాడో గానీ

సుత్తి గురి తప్పింది. ఉలి మీద పడాల్సిన దెబ్బ మెకానిక్ బొటనవేలి మీద పడింది.

"ఎవడు పూశాడో గానీ, వాడి చేతులు పడిపోనూ!"

"ఎవర్ని నాయనా అంత తిట్టు తిడుతున్నావు?"

షెడ్డు గుమ్మంలో ఒక ముసలావిడ, పిడి ఊడిన బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. వెనక వీధి గదుల్లోకి కొత్తగా అద్దెకొచ్చిన మనిషి.

"ఈ ఇంజిన్ బ్లాక్ లోపల ఎర్ర పూత పూసిన మహానుభావుణ్ణి. నాలుగు రోజులుగా గీకుతున్నా. నా ఉలి అరిగిపోయింది గానీ వాడి పూత చెక్కుచెదరలేదు."

ముసలావిడ నవ్వింది. అందులో నవ్వడానికేముందో మనవాడికి అర్థం కాలేదు. అసలే అతను నవ్వే స్థితిలో లేడు.

పాత ట్రాక్టర్ల బ్లాకులు ఇసుక అచ్చుల్లో పోత పోసినవి. ఎంత కడిగినా ఆ ఇనుము గరుకుల్లో ఇసుక రేణువులు దాక్కునే ఉంటాయి. అవి నూనెలో కలవకుండా లోపలి గోడలకి పూత వేస్తారు. ఆ పూతే ఊడిందో, పెచ్చులు వెళ్ళి నూనె జల్లెడకి అడ్డం పడతాయి. నూనె అందక ఇంజిన్ పట్టేస్తుంది.

ఈ మధ్య అతను కొత్త పూత వేసి పంపిన రెండు ట్రాక్టర్లకి అదే గతి పట్టింది. ఎందుకు ఊడుతోందో అంతు చిక్కలేదు.

ఇది మూడోది. పైగా అక్కావాళ్ళది.

"మీ బావ వేరే షెడ్డుకి ఇస్తానంటే నేనే పట్టుబట్టి నీకిప్పించాను రా. నా మాట పోనివ్వకు," అని మరీ చెప్పింది అక్క.

ముసలావిడ బకెట్ కింద పెట్టి, అడగకుండానే బ్లాక్ లోపలికి చెయ్యి దూర్చింది. మోచేతి దాకా, ఆ పైన భుజం దాకా. ఆ చేతికి నడిమి వేలు సగమే ఉంది.

"బాగా పట్టుకున్న పూతని గీకడం దేనికి? పైకి లేచిన చోట గీకి, మిగతాది వదిలెయ్."

"పాతది అలాగే ఉంచితే మా బావ ఊరుకుంటాడా? లోపలంతా తళతళలాడాలి."

"సరే. ఆ బేరింగ్ గోడ వెనక మూలకి మాత్రం నీ ఉలి పోదు. ఊరికే తంటాలు పడకు."

ఆ సంగతి నీకెలా తెలుసని అడగాలని కూడా అతనికి తోచలేదు.

ఆవిడ చెయ్యి బయటికి తీసి వేళ్ళు వాసన చూసుకుంది.

"ఇనుము ఏళ్ళ తరబడి నూనె తాగింది. ఎండలో పెట్టు. చెమట పడుతుంది, తుడువు. మళ్ళీ పెట్టు. చెమట పట్టడం మానేశాకే పూత."

"ఇనుముకి చెమటా! దోమలు కూడా కుడతాయా పెద్దమ్మా?"

"కుట్టవులే. వారం పడుతుంది."

"దుక్కులు మొదలయ్యాయి. ఎల్లుండికల్లా బండి కావాలని మా బావ నెత్తిన కూర్చున్నాడు. బకెట్ అక్కడ పెట్టి వెళ్ళు, రేపిస్తా."

మర్నాడు ఆవిడ వచ్చింది. బకెట్ వంక చూడనేలేదు.

"చెమట తుడిచావా?"

"పెట్రోలుతో కడిగేశాను. చూడు, ఎంత పొడిగా ఉందో."

"పైకి పొడిగానే ఉంటుంది నాయనా..."

"పెద్దమ్మా, నీ బకెట్ సంగతి నువ్వు చూసుకో. ఇంజిన్ సంగతి నాకొదిలెయ్."

అతను అప్పటికే ఆ బకెట్లో గీకిన ఎర్ర పెచ్చులు పోసేసి ఉన్నాడు.

మూడో రోజు ఆవిడ వీధి మలుపులో కనబడగానే "ఇంకా కాలేదు!" అని షెడ్డులోంచే కేకేశాడు. ఆవిడ అటునుంచి అటే వెనక్కి తిరిగింది.

పూత వేసి పంపిన పదకొండో రోజున అక్కావాళ్ళ బండి మళ్ళీ షెడ్డుకి వచ్చింది. ఇంకో బండి దాన్ని తాడుతో లాక్కొచ్చింది.

బావ తాడు విప్పి చుట్టుకుని వెళ్ళిపోయాడు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది. అక్కకి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

అడుగు భాగం విప్పాడు. జల్లెడ నిండా తన పూత తాలూకు పెచ్చులే. ఒకటి తీసి తిప్పి చూశాడు. వెనకవైపు తడి. వేలితో రుద్దితే నూనె.

చెమట.

చేతులైనా కడుక్కోకుండా వెనక వీధికి పరిగెత్తాడు.

"ఆ వేలు తెగిన పెద్దావిడా?" అంది ఇల్లుగలావిడ. "మొన్ననే ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడికో చెప్పలేదు. బకెట్ ఏదో నీ దగ్గరుందట, ఉంచుకోమంది."

మెకానిక్ షెడ్డుకి తిరిగొచ్చి, తను వేసిన పూతంతా గీకేశాడు.

బ్లాక్ ఎండలో పెట్టాడు. చెమట పట్టింది. తుడిచాడు. మళ్ళీ పెట్టాడు. బావ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. భయమేసినా మనవాడు బ్రష్ ముట్టుకోలేదు.

ఏడో రోజు గుడ్డకి తడి అంటలేదు.

పూత మొదలుపెట్టే ముందు ఎక్కడైనా నూనె మిగిలిందేమోనని ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో చిన్న అద్దం పట్టుకుని బేరింగ్ గోడ వెనక మూలలోకి చూశాడు. ఉలి పోని ఆ మూల పాత ఎర్ర పూత నిన్ననే పూసినట్టుంది. బ్రష్ కూడా పోని చోటు కాబట్టి, అప్పట్లో పూసినవాళ్ళు అక్కడ చేత్తోనే అలికారు.

తడి పూత మీద పడి అలాగే ఆరిపోయిన నాలుగు వేళ్ళ చారల్లో మూడు చివరిదాకా వెళ్ళాయి, నడిమి వేలిది సగంలోనే ఆగిపోయింది.