ఇంద్రాణి వచ్చింది

పొద్దున్నే లేచేసరికి నడింట్లో వేరుశనగ చేను విరగబూసి ఉంది.

పుల్లన్న మంచం మీద కూర్చుని దానివైపే చూస్తూ ఉండిపోయాడు. పసుపు పూలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. ఉరవకొండ చుట్టుపక్కల ఆ ఏడు చినుకు రాలలేదు. పైగా పుల్లన్నకు చూపు పోయి చాలా కాలమైంది. నీటికాసులు రెండు కళ్లనూ తినేశాయి. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు.

మొదట్లో ఎవరికీ చెప్పలేదు. చేనొక్కటే కాదు, ఎర్ర రుమాళ్లు చుట్టుకున్న జానెడు మనుషులు గోడ వెంట వరసగా నడిచిపోయేవారు. పిచ్చి పట్టిందంటారని నోరు మూసుకున్నాడు. ఒకరోజు అన్నం పళ్లెంలో తెల్ల గుర్రం నిలబడింది. ముద్ద దిగలేదు. అప్పుడు భార్య వెంకటలక్ష్మమ్మకు చెప్పేశాడు. ఆమె ఆయన్ను అనంతపురంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"పిచ్చి కాదు పెద్దాయనా," అన్నాడు డాక్టరు. "నీ కళ్లు బొమ్మలు పంపడం మానేశాయి. మెదడు ఊరికే ఉండలేక తనే గీసుకుంటోంది. చూపు పోయినవాళ్లలో చాలామందికి ఇట్లా ఉంటుంది. ఆ బొమ్మలు ఏమీ చేయవు. మాట్లాడవు. భయపడొద్దు."

బస్సులో తిరిగి వస్తూ పుల్లన్న దారి పొడవునా నవ్వుతూనే ఉన్నాడు. "పిచ్చి కాదంటనే!"

ఇక భయం పోయింది. "ఈ పొద్దు చేను ఇంకా ఎదిగినాది," అని భార్యకు చెప్పి మురిసిపోయేవాడు.

ఒక ఉదయం మాత్రం ఆయన పిలుపే వేరుగా ఉంది.

"ఏమే, ఈడికి రా. గడప కాడ ఇంకో బొమ్మ నిలబడిండాది."

"ఎవురు?"

ఆ ఇంట్లో ఎవరూ ఎత్తగూడదని పుల్లన్న తనే కట్టడి చేసిన పేరు అది.

"ఇంద్రాణి," అన్నాడు చివరికి.

ఇంద్రాణి వాళ్లకు ఒక్కగానొక్క కూతురు. ఊరికి గాలిమరల పనికి వచ్చిన యేసన్న అనే ఆయన కొడుకును పెళ్లి చేసుకుని కదిరికి వెళ్లిపోయింది. యేసన్నది వేరే కులం, వేరే దేవుడు. వెళ్లేముందు ఆమె నాయన కాళ్ల మీద పడింది. "ఇంక నీ గొంతు ఈ ఇంట్లో వినబడగూడదు. వినబడిన రోజు నేను బావిలో ఉంటా," అన్నాడు పుల్లన్న. ఆమె కబురు మోసుకొచ్చిన వాళ్ల గడప కూడా తొక్కనని ఊరందరి ముందూ ఒట్టేశాడు. అప్పటినుంచి ఊళ్లో ఒక్కరూ ఆయన దగ్గర ఆ పిల్ల మాట ఎత్తలేదు.

వెంకటలక్ష్మమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఎట్లుండాది?" అని అడిగింది.

"ఏమీ మారలే. పోయేటప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండాది. నన్నే చూస్తాంది." పుల్లన్న భార్యవైపు తిరిగాడు. "బొమ్మే గదా?"

"కాదు," అంది వెంకటలక్ష్మమ్మ. "ఇంద్రాణే. వచ్చింది."

"మరి మాట్లాడదేం?"

"గొంతు వినబడగూడదంటివి గదా. ఊరికే చూసి పోతానని వచ్చింది."

పుల్లన్న దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. పొమ్మని మాత్రం అనలేదు.

ఇంద్రాణి మళ్లీ వచ్చింది. ఆ తర్వాత వస్తూనే ఉంది. కూతురితో నేరుగా మాట్లాడడానికి మనసు ఒప్పక పుల్లన్న భార్యనే అడిగేవాడు.

"అన్నం తినిందేమో అడుగు."

"తినిందంట."

"వాడు బాగా చూసుకుంటాండాడా?"

"కండ్లల్లో పెట్టుకున్నాడంట."

"పిల్లోళ్లు?"

వెంకటలక్ష్మమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. "లేరంట."

మరుసటి రోజు, కూతురికి పెట్టమని ఆయన అడిగినట్టే, ఆమె రాగిసంగటి చేసి చెనిక్కాయల ఊరిబిండి నూరింది. గడప దగ్గర పళ్లెం పెట్టిన చప్పుడు విని పుల్లన్న తన కడుపే నిండినట్టు నిట్టూర్చాడు.

ఒక మధ్యాహ్నం ఇంద్రాణి గడప దాటింది. లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడింది. చిన్నప్పుడు ఏదైనా కావాలంటే తల పక్కకు వంచేది. ఇప్పుడూ అట్లాగే వంచింది. పుల్లన్న ఇక పట్టలేకపోయాడు.

"తప్పు నాదే తల్లీ. ఏ బావిలోనూ పడను. మాట్లాడు. నాయనా అను, ఒక్కసారి."

ఇంద్రాణి పెదవులు కదల్లేదు.

"ఏమే, నువ్వన్నా చెప్పు దానికి! నేనే మాట్లాడమంటాండానని చెప్పు!"

"మాట రాలేదు దానికి," అంది వెంకటలక్ష్మమ్మ. "గొంతు పూడుకుపోయింది."

పుల్లన్న రెండు చేతులూ చాచాడు. అవి కాసేపు గాలిలో తడుముకున్నాయి. అంతలో ఒక చెయ్యి వచ్చి ఆయన అరచేతుల్లో వాలింది. వెచ్చటి చెయ్యి. నిజం చెయ్యి. దాన్ని ముఖానికి ఆనించుకుని ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"ఎంత మొద్దుబారిపోయింది తల్లీ చెయ్యి! కూలికి పోతాండావా? అచ్చం మీయమ్మ చెయ్యి మాదిరే అయిపోయింది. ఇంక యాడికీ పోవద్దు. ఈడనే ఉండు. మీ ఆయన్నీ రమ్మను. ఎవురేమంటారో నేను చూసుకుంటా."

వెంకటలక్ష్మమ్మ తన చేతిని ఆయన చేతుల్లో అట్లాగే ఉంచి, తొలి కాన్పులో బిడ్డతో సహా పోయి ఏనాడో కదిరి మట్టిలో కలిసిపోయిన కూతురి కోసం, గొంతు బయటికి రానీయకుండా ఏడ్చింది.